ఊడని ముడి

వరదయ్య తమ్ముడు రాఘవ చేపలకు పోయిన గుండ్రటి పుట్టి సోమశిల రిజర్వాయరులో గాలికి తిరగబడింది. పుట్టి దొరికింది, మనిషి దొరకలేదు. శవం తేలాల్సిన గడువు కూడా దాటిపోయింది. నీళ్ళ అడుగున మునిగిపోయిన పాత ఊళ్ళ చెట్లు మోడులై నిలిచే ఉన్నాయి. వాటిలో ఎక్కడో చిక్కుకుని ఉంటాడు. ఇక పెద్ద గాలాలు వేసి అడుగంతా ఈడ్వడమే దారి.

గట్టున కూర్చుని వరదయ్య నైలాన్ తాడుకు గాలాలు కట్టసాగాడు. తోడు వచ్చిన శీనయ్య పక్కన చేరాడు.

"జారుముడి వెయ్యి వరదన్నా. మానుకు తగులుకుంటే గాలం పోయినా తాడు వచ్చేస్తాది. లేకుంటే మనం కూడా పోతాం."

"వాడికి తగులుకున్నా జారిపోతాది గదరా."

తడిసిన నైలాన్‌కు మామూలు ముడి నిలవదు. అందుకని తాడును రెండు పేటలుగా మడిచి గాలం తల కన్నంలో దూర్చాడు. ఒక ముడి వేసి, మిగిలిన ఉచ్చులోంచి గాలాన్నే దాటించి, నీళ్ళతో తడిపి, కాలితో తన్నిపట్టి బిగించాడు. రాఘవకు ఈ ముడి నేర్పింది తనే. వాడికి ఓపిక తక్కువ, రెండు చుట్లు చుట్టి వదిలేసేవాడు.

రాఘవ భార్య చెంచులక్ష్మి ఆ గాలాల మొనలనే చూస్తోంది.

"మొహానికి తగలకుండా చూడు బావా," అంది.

వరదయ్య తలూపాడు. అది తన చేతిలో లేదని ఇద్దరికీ తెలుసు.

ఇద్దరూ పుట్టిలో వెళ్ళి గాలాలు ఈడుస్తుంటే, మధ్యాహ్నం దాటాక తాడు బరువెక్కింది. లాగితే బారెడు పైకి వచ్చింది, మెత్తగా. మళ్ళీ లాగితే కదల్లేదు. ఇంతలో గాలి లేచింది. పుట్టి ఒరిగి నీళ్ళు లోపలికి దూకాయి. ముడి మాత్రం ఊడలేదు.

"కొయ్యన్నా," అన్నాడు శీనయ్య, నీళ్ళు తోడిపోస్తూ. "నాకూ పిల్లోళ్ళు ఉండారు."

వరదయ్య తాడు కోసేశాడు. కొస సర్రున నీళ్ళలోకి జారిపోయింది. ఆ చోటు గుర్తుకు తాడు కొసకు తేలే ఖాళీ డబ్బా కట్టే వ్యవధి కూడా చిక్కలేదు.

గట్టు చేరగానే చెంచులక్ష్మి ఎదురొచ్చింది.

"ఏం తగిలింది బావా?"

"మాను."

"మానేనా?"

వరదయ్య మిగిలిన తాడు చుట్టుకోసాగాడు.

గాలి తగ్గాక ఎన్నోసార్లు వెళ్ళి వెదికాడు. ఆ చోటు మళ్ళీ చిక్కలేదు. చివరికి పెద్దవాళ్ళు శవానికి బదులు దర్భలతో మనిషి బొమ్మ చేయించారు. వరదయ్యే నిప్పు పెట్టాడు. చూస్తుండగానే కాలిపోయింది. చెంచులక్ష్మి అటు రాలేదు. దహనమయ్యాక అందరూ స్నానానికి రిజర్వాయరులోకి దిగారు. వరదయ్య దిగలేకపోయాడు.