పందొమ్మిదో నంబరు హాజరు

నాలుగో తరగతిలో హాజరు పిలవడం రైలుబండి వెళ్లినట్టే ఉంటుంది. టీచరమ్మ తల ఎత్తదు, పిల్లలు ఆవలింతలు ఆపరు. నలభై రెండు నంబర్లూ రెండు నిమిషాల్లో అయిపోవాలి. సెలవుల తర్వాత బడి తెరిచిన ఆ ఉదయం కూడా అలాగే సాగింది.

"పందొమ్మిది."

"వచ్చిందమ్మా, ఇక్కడే ఉంది," అంది వెనక మూల నుంచి ఒక ముసలి గొంతు. ఆ వెంటనే చిన్న పొడిదగ్గు.

టీచరమ్మ అలవాటుగా టిక్కు పెట్టి, ఇరవై అనబోయి ఆగిపోయింది.  ఆ గొంతు వెనక మూల పిల్లకు సాయంగా ఉండే హెల్పరమ్మది. హెల్పరమ్మ సెలవుల్లోనే కన్నుమూసింది. ఆఖరి చూపు చూసి వచ్చినవాళ్లలో టీచరమ్మ కూడా ఉంది.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. అక్కడ ఖాళీ ప్లాస్టిక్ కుర్చీ ఒకటి, దాని పక్కన కిటికీలోకి చూస్తూ ఒక పిల్ల, అంతే. ముందు బెంచీ పిల్లాడొకడు ఏడుపు లంకించుకున్నాడు.

దయ్యాల కథ మొదలెట్టానని అనుకోకండి. దయ్యమైతే కాసేపు భయపడి ఊరుకోవచ్చు. ఇది అంతకంటే దగ్గరి సంగతి.

ఆ పిల్లకి మాటలు సరిగ్గా రాలేదు. ఎవరి కళ్లలోకీ చూడదు. సంతోషం వస్తే రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తుంది. అందుకే తోటి పిల్లలు పిచ్చుక అని పేరు పెట్టారు. అలాంటి పిల్లలు అందరితో కలిసే చదువుకోవాలని బడి ఆమెను చేర్చుకుంది, పక్కన ఉండి సాయం చేయడానికి హెల్పరమ్మనూ ఇచ్చింది. మంచి పనే.

హెల్పరమ్మ బంగారంలాంటి మనిషి. అందులో సందేహం లేదు. మూడేళ్లు ఆ పిల్లను కంటికి రెప్పలా చూసుకుంది. సంచీ ఆమే మోసింది, నోటు పుస్తకం ఆమే రాసింది, హాజరూ ఆమే పలికింది. ఒకటో తరగతి నుంచీ ఈ పిల్లలతోనే పైకి వచ్చిన టీచరమ్మ పాఠం మధ్యలో "అర్థమైందా?" అని అడిగితే, "దానికి రాదమ్మా, నేను చూసుకుంటాగా," అనేది. టీచరమ్మ ప్రాణం కుదుటపడేది. నలభై రెండు మందిలో ఒకరి బరువు తగ్గింది కదా!

బడి తెరిచిన మర్నాడూ ఆ గొంతు పలికింది. గోరంతలు కొండంతలయ్యాయి. ఇద్దరు పిల్లలు జ్వరం తెచ్చుకున్నారు. ఆ పిల్లకు దయ్యం పట్టిందని, బడి మాన్పించాలని తల్లిదండ్రులు హెడ్మాస్టరు గది ముందు గుంపు కట్టారు.

బట్టల ఇస్త్రీ దుకాణంలో పనిచేసే పిచ్చుక తల్లి కూడా వచ్చింది. "ఇంట్లో ఆ గొంతు ఎప్పుడూ వినలేదు సార్. బడి మాన్పించకండి. నేను పనికి వెళ్తే అది రోజంతా నాలుగు గోడలు చూస్తూ కూర్చోవాలి."

హెడ్మాస్టరు కళ్లజోడు తుడుచుకున్నాడు. "శుక్రవారం దాకా చూస్తానమ్మా. ఆగకపోతే నా చేతుల్లో ఏమీ ఉండదు."

బుధవారం కొత్త హెల్పరు వచ్చింది. పాతికేళ్ల మనిషి. "ఆ కుర్చీలో మాత్రం కూర్చోకండి మేడమ్," అని పిల్లలు ముందే హెచ్చరించారు. ఆమె కూర్చుంది. పిచ్చుక చెయ్యి నెమ్మదిగా వచ్చి కుర్చీ అంచును పట్టుకుంది. ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి.

టీచరమ్మ బోర్డు మీద లెక్క వేసి, వెనక మూలకు చూడకుండానే, "అక్కడ అర్థమైందా?" అంది.

"దానికి రాదమ్మా, నేను చూసుకుంటాగా." చిన్న పొడిదగ్గు.

 కొత్త హెల్పరు మాత్రం కిటికీ అద్దం వైపు చూస్తోంది. ఆ అద్దంలో పిచ్చుక పెదవులు కదిలాయి. దగ్గుకు భుజం ఎగిరింది. ఇన్ని రోజులూ ఇది ఎవరికీ ఎందుకు కనపడలేదంటే, అందరూ భయంతో చూసింది కుర్చీని. పిల్లను ఎవరూ చూడలేదు.

మధ్యాహ్నం ఆమె టీచరమ్మతో అంది: "మేడమ్, ఆ గొంతు పిల్లదే, ఈ గదిలో విన్న జవాబులే విన్న గొంతుతోనే చెబుతోంది. తనని అడిగినప్పుడల్లా పక్కనుంచి వినపడింది అవే కదా."

 దయ్యం అన్నప్పుడు కూడా టీచరమ్మకింత భయం వేయలేదు.

గురువారం కొత్త హెల్పరు తన కుర్చీని దూరంగా జరుపుకుంది. టీచరమ్మ వచ్చి పిచ్చుక బెంచీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మొదటిసారి నంబరుతో కాకుండా పేరు పెట్టి పిలిచింది.

"రోజూ కిటికీలో ఏం చూస్తావు తల్లీ?"

"దానికి రాదమ్మా."

"నిన్నే అడుగుతున్నా. తొందరేం లేదు."

నిమిషం గడిచింది. రెండో నిమిషమూ గడిచింది.  తర్వాత ఎవరూ ఎన్నడూ వినని ఒక సన్నని గొంతు, తుప్పు పట్టిన తలుపు తెరుచుకున్నట్టు బయటికి వచ్చింది.

"ఊచలు... పద్దెనిమిది. ఒకటి లేదు."

తరగతి తరగతంతా కిటికీ దగ్గరికి పరుగెత్తింది. లెక్కపెట్టారు. పదిహేడు ఊచలు, ఒక ఖాళీ చిల్లు. టీచరమ్మ చీర చెంగు కళ్లకద్దుకుంది.

శుక్రవారం హెడ్మాస్టరు, తల్లిదండ్రులు గుమ్మంలోకి వచ్చేసరికి, ముందు బెంచీ పిల్లాడు తోపులాటలో పడి మోకాలు చెక్కుకుపోయి ఏడుస్తున్నాడు. పిచ్చుక లేచి వెళ్లి వాడి పక్కన కూర్చుంది. ముసలి గొంతు పలికింది, దగ్గుతో సహా: "ఏడవకు బంగారం, నేనున్నాగా."

పెద్దవాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. పిల్లాడు మాత్రం ముక్కు తుడుచుకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

టీచరమ్మ గుమ్మం దగ్గరికి వచ్చింది. "ఈ పిల్లకు ఏ దయ్యమూ పట్టలేదు. హెల్పరమ్మ ప్రేమా దీనికి అందింది, 'దానికి రాదు' అన్న మాటా అందింది. తప్పు ఆమె ఒక్కదానిదే కాదు, తిలా పాపం తలా పిడికెడు. ఎక్కువ పాలు నాది. పిల్లను చదివించమని నాకు అప్పగిస్తే, నేను మూడేళ్లు కుర్చీతో మాట్లాడాను."

హెడ్మాస్టరు తల్లి వైపు తిరిగి, "సోమవారం కూడా పంపించమ్మా," అన్నాడు.

సాయం చేసే మనిషి పిల్లకు తోడుగా ఉండాలి గానీ, పిల్లకు బదులుగా ఉండకూడదు. మీ బడిలోనూ ఏదో మూల ఒక పిల్ల ఉండే ఉంటుంది. రేపు హాజరు పిలిచినప్పుడు ఒక్క క్షణం తలెత్తి చూడండి, పలుకుతున్న గొంతు ఎవరిదో.