కిటికీలోంచి చూసి కొన్న పడవ

మా వంటింటి కిటికీలోంచి సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతి మొన కనిపిస్తుంది. చేపలకెళ్ళినా, ఆలివ్ తోటలకెళ్ళినా, ఎదుటి దీవిలో గొర్రెల్ని చూడ్డానికెళ్ళినా మా ఊరి మగవాళ్ళు ఆ మొన తిరిగే ఇంటికి రావాలి. పడవ మొన తిరగ్గానే ఆడవాళ్ళు మరుగుతున్న నీళ్ళలో ఉప్పు వేసి, పాస్తా వేస్తారు. పడవ గట్టు చేరి, తాడు కట్టి, బుట్టలు దించి, మగవాడు బావి దగ్గర కాళ్ళు కడుక్కుని మెట్లెక్కేసరికి పాస్తా సరిగ్గా ఉడికి ఉంటుంది. మా అమ్మ అలాగే వండింది, మా అత్తగారూ అలాగే వండింది. నాకు పెళ్ళయిన చాలా ఏళ్ళకి గానీ మా ఇంట్లోకి గడియారం రాలేదు. దాని అవసరమూ కనపడలేదు.

కావలసిందల్లా ఏ పడవ ఎవరిదో దూరం నుంచే తెలియడం. సాయంత్రం సూర్యుడు మొన వెనకే దిగుతాడు. అందుకని పడవలన్నీ నల్లటి నీడల్లా వస్తాయి. రంగు తెలియదు, మనిషి తెలియడు. అంచు గీత ఒక్కటే తెలుస్తుంది. మా మావగారి పడవకి వెనక బరువెక్కువ. అత్తగారు దాన్ని పొదుగుతున్న కోడి అనేది. పక్కింటి కార్మెలా మొగుడు పాష్కో పడవ ముందుకి వాలి, ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటున్నట్టు వచ్చేది.

అన్నీ ఒక్క చేతివే. ఊరంతా బార్బా, అంటే బాబాయ్, అని పిలిచే బేపో చేసినవి. ఆయన బొమ్మ గీసుకోవడం, కొలతలు రాసుకోవడం ఎవరూ చూడలేదు. షెడ్డు గోడకి మూడు పల్చటి చెక్క అచ్చులు వేలాడేవి. వాటితోనే అన్ని పడవలూ కోసేవాడు, అయినా ఏ రెండూ ఒకలా వచ్చేవి కావు. అడిగితే, "సగం అచ్చు చెబుతుంది, మిగతా సగం ఆ రోజు నా కన్ను చెబుతుంది," అనేవాడు.

మా ఆయన యాకొవ్ ముప్ఫై ఏళ్ళు పట్నం రేవులో క్రేను నడిపాడు. శనివారం ఓడలో వచ్చి సోమవారం తెల్లవారుతూనే వెళ్ళిపోయేవాడు. పింఛను తీసుకుని ఇంటికొచ్చిన ఏడాదే మావగారి పడవ అడుగు పుచ్చిపోయింది. డిసెంబరులో సెయింట్ నికోలస్ పండుగనాడు, ఊరి ఆచారం ప్రకారం, దాన్ని చర్చి ముందు కాల్చాం. కోడి కాలిపోతుంటే అత్తగారు కళ్ళు తుడుచుకుంది. పొగ వల్లే అంది.

వసంతం రాగానే యాకొవ్ అన్నాడు, "తోటలకి రోడ్డు పడింది. గొర్రెల్ని అమ్మేశాం. ఈసారి ఊరికే తిరగడానికి ఒక పడవ కొందాం, ఫిలిపా."

"ఊరికే అంటే?"

"ఊరికే అంటే ఊరికే. ఆదివారం పూట నువ్వూ నేనూ మేకల దీవికి వెళ్ళడం, నాలుగు చేపలు కాల్చుకోవడం, నీళ్ళలో పడుకోవడం."

నాకప్పుడు నలభై తొమ్మిదేళ్ళు. ఎప్పుడు పడవెక్కినా చేతిలో పారో, బుట్టో ఉండేది. పని లేకుండా పడవెక్కడం అనగానే సిగ్గేసింది. లోపల ఇష్టంగానూ అనిపించింది.

దొరికేవి రెండు పడవలు. ఒకటి ఫ్యాక్టరీలో పోసిన తెల్లటి ప్లాస్టిక్ పడవ. రెండోది బార్బా బేపో షెడ్డులో నాలుగేళ్ళుగా ఉన్న చెక్క పడవ. పట్నం డాక్టరెవరో చేయమని చెప్పి, మళ్ళీ రాలేదు. బేపో తన జన్మలో సరదా కోసం చేసిన మొదటి పడవ అదే. బుట్టలకీ గొర్రెలకీ చోటు వదలక్కర్లేదు కాబట్టి, కన్ను చెప్పిందల్లా చేసినట్టున్నాడు. అంచు ముక్కు దగ్గర ఎత్తుగా మొదలై, నడుము దగ్గర వంగి, వెనక మళ్ళీ కాస్త లేచింది. దాని మీద అరచెయ్యి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

"ఇది తీసుకుందాం," అన్నాను.

"ఎందుకు?"

"బావుంది."

"బావుంటే? బావున్నదాన్ని ప్రతి ఏప్రిల్లో గీకాలి, సందుల్లో నార కూరాలి, రంగు వెయ్యాలి. నడుం నొప్పి నీకా, నాకా? తెల్లదాన్నయితే గుడ్డ పెట్టి తుడిస్తే చాలు. అయినా పడవలో కూర్చున్నవాడికి పడవ అందం కనపడుతుందా, నువ్వే చెప్పు. అది చూసేది ఎదుటివాడు."

"నన్ను చేసుకున్నప్పుడు కూడా ఇంత ఆలోచించావా?"

"నిన్ను చూసినప్పుడు మీ నాన్న పక్కనే నిలబడ్డాడు. నీ మొహం చూసే ధైర్యం నాకెక్కడిది?"

బార్బా బేపో నోట్లో మేకులున్నాయి. నవ్వలేక దగ్గాడు.

బావుంది అన్న ఒక్క మాట తప్ప నా దగ్గర ఇంకో మాట లేదు. తెల్లది కొన్నాం.

అబద్ధమెందుకు, ఆ వేసవిని నేను ఈనాటికీ తలుచుకుంటాను. రాళ్ళ మధ్య నిప్పు రాజేసి, రోజ్మేరీ కొమ్మల మీద సార్డీన్లు కాల్చుకునేవాళ్ళం. అంజూర పళ్ళు, నీళ్ళు కలిపిన వైను. క్రేను గదిలో ముప్ఫై ఏళ్ళు కూర్చున్న యాకొవ్ కాళ్ళు పాలలా తెల్లగా ఉండేవి. ఆ కాళ్ళు చూసి నేను నవ్వితే ఆయన నా మీద నీళ్ళు చిమ్మేవాడు. సముద్రం ఒడ్డునే పుట్టినా నాకు ఈత రాదు. ఆయన నాకు వెల్లకిలా తేలడం నేర్పాడు. వీపు కింద ఆయన చెయ్యి ఉందనుకుని హాయిగా ఆకాశం చూస్తున్నాను. తల తిప్పితే, దూరంగా నడుములోతు నీళ్ళలో నిలబడి సిగరెట్టు కాలుస్తున్నాడు.

మమ్మల్ని చూసి ఊరంతా సరదా పడింది. పాష్కో కూడా, వలల పడవ ఉండగానే, ఒక తెల్లది కొన్నాడు. ఆగస్టుకల్లా ఊళ్ళో ఏడు తెల్ల పడవలు. అన్నీ ఒకే మూసలోవి. ఇంక వంటిళ్ళలో తిప్పలు మొదలయ్యాయి. కార్మెలా ఒక్క సాయంత్రమే మూడుసార్లు పాస్తా వేసింది.

"ఒసేయ్ ఫిలిపా, ఇందాక వచ్చింది నీ మొగుడా, నా మొగుడా?" అని కిటికీలోంచి అరిచేది.

"ఎవడైతే ఏం, ముందొచ్చినవాడికి పెట్టెయ్," అనేదాన్ని.

పట్నం నుంచి వచ్చిన మా ఆడబిడ్డ, "పక్కన నంబరు రాసుంటుంది కదా వదినా," అంది. నాకప్పటికి అంకెలూ రావు, అక్షరాలూ రావు. వచ్చినా, ఎండకెదురుగా అంత దూరాన నంబరు ఎవరికి కనపడుతుంది? ఆ నంబర్లు పోలీసుల కోసం.

నవ్వుకుంటూనే సెప్టెంబరు చివరికొచ్చాం. ఒకరోజు మధ్యాహ్నం యాకొవ్ గాలం తీసుకుని, ఒక్కడే మేకల దీవి వెనక్కి వెళ్ళాడు. సాయంత్రానికి బూర అనే కొండగాలి మొదలైంది. ఆ గాలి మబ్బు పట్టి చెప్పి రాదు. ఆకాశం నీలంగా ఉండగానే కొండ మీంచి సముద్రం మీదికి దూకుతుంది.

పాష్కో మా గుమ్మం దగ్గరికి వచ్చాడు. "యాకొవ్ వచ్చాడా వదినా? రాకపోతే చెప్పు, వలల పడవ వేసుకుని వెళ్ళొస్తా."

సరిగ్గా అప్పుడే ఒక తెల్ల పడవ ఎగిరెగిరి పడుతూ మొన తిరిగింది.

"అదిగో, వచ్చేశాడు," అన్నాను.

పాష్కో ఇంటికెళ్ళి బూట్లు విప్పుకున్నాడు. నేను పాస్తా వేశాను. పాస్తా ఉడికింది, మెట్ల మీద అడుగుల చప్పుడు లేదు. తాడు కడుతున్నాడేమో అనుకున్నాను. ఎవరితోనో కబుర్లలో పడ్డాడేమో అనుకున్నాను. చివరికి గట్టు మీదికి వెళ్ళి చూస్తే, పోస్ట్‌మాన్ లోవ్రే చొక్కా పిండుకుంటున్నాడు.

"యాకొవ్ ఏడీ?"

"నాకేం తెలుసు ఫిలిపా? నాకు దారిలో ఎవరూ కనపడలేదు."

దగ్గర దగ్గర గంట గడిచిపోయింది. ఆ గంట నేను పోగొట్టిందే. పాష్కో బూట్లు చేత్తో పట్టుకుని పరిగెత్తడం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది.

యాకొవ్ మోటారు ఆగిపోయి, గాలికి కొట్టుకుపోతూ, దీవి దాటి చాలా దూరాన దొరికాడు. వెలుగు పోయేలోపు తాడు కట్టి లాక్కొచ్చారు. పెదాల మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. యాకొవ్ వంటింట్లోకి వచ్చి గిన్నెలోకి తొంగి చూశాడు.

"ఇదేంటి, గోడకి కాగితాలు అంటించే బంకా?"

"పాష్కో వెతకడానికి వెళ్తానన్నాడు. నేనే అక్కర్లేదన్నాను. లోవ్రే పడవని నీదనుకున్నాను."

ఆయన తడిబట్టలతోనే కూర్చుని, గిన్నె దగ్గరికి లాక్కుని, గరిటెతో చివరి ముద్ద దాకా తిన్నాడు.

మర్నాడు పడవ పక్కల ఎర్ర గీత గీశాడు. వారం తిరక్కుండా పాష్కో కూడా ఎర్ర గీత గీశాడు. ఏమయ్యా అంటే, "బావుంది కదా అని," అన్నాడు. గీసినా, సాయంత్రం మొన దగ్గర ఎరుపూ నలుపూ ఒకటే.

అప్పుడు అన్నాను, "పడవలో కూర్చున్నవాడికి పడవ అందం కనపడదన్నావు. నిజమే యాకొవ్. కానీ కిటికీలో నిలబడి ఎదురు చూసేదాన్ని నేను."

ఆయన లేచి టోపీ పెట్టుకున్నాడు. ఇద్దరం బార్బా బేపో షెడ్డుకి వెళ్ళాం.

"ఆలస్యం చేశారు," అన్నాడు బేపో. "శనివారం హోటలు వాడు వచ్చి తీసుకెళ్తాడు. భోజనాల గదిలో పెట్టి, ఐసు నింపి, మీద చేపలు పేరుస్తాడట. ఇంత అందమైన బల్ల ఎక్కడా దొరకదన్నాడు." ఆ మాట అంటూ పడవ అంచు మీద చెయ్యి వేశాడు.

"మాకివ్వండి, బార్బా," అన్నాడు యాకొవ్.

"వసంతంలో వద్దన్నావుగా."

"అప్పుడు బుద్ధి లేదు."

"ఇప్పుడొచ్చిందా?"

"నాకు కాదు, మా ఆవిడకి వచ్చింది."

బేపో నా వైపు తిరిగాడు. "బావుందని ఆ హోటలు వాడూ అన్నాడు, నువ్వూ అన్నావు. వాడికీ నీకూ తేడా ఏంటి తల్లీ?"

కిటికీ సంగతి చెప్పాను. పాస్తా సంగతి, పాష్కో బూట్ల సంగతి, నేను పోగొట్టిన గంట సంగతి చెప్పాను. బేపో అంతా విని, చేతిలో చిత్రిక పక్కన పెట్టాడు.

"అయితే ఇక్కడ నిలబడి బావుందనకు. షెడ్డులో ప్రతి పడవా బావుంటుంది. రేపు సాయంత్రం అందరూ ఇళ్ళకొచ్చే వేళకి నేనే దీన్ని నడుపుకుంటూ మొన తిరుగుతాను. నువ్వు నీ కిటికీలోంచి చూడు. గుర్తుపడితే పడవ మీది. పట్టలేకపోయావంటే అది బల్లే."

మర్నాడు కిటికీ దగ్గర, పిడికిట్లో ఉప్పు పట్టుకుని నిలబడ్డాను. పక్కన కార్మెలా. యాకొవ్ బల్ల దగ్గర కూర్చుని, కిటికీ వైపు చూడనట్టు నటిస్తున్నాడు. ఆ పడవని నేను షెడ్డు చీకట్లో చూశానే గానీ నీళ్ళ మీద ఎప్పుడూ చూడలేదు. అంత దూరానికి అదీ మిగతావాటిలాగే ఉంటే? నీళ్ళు మరిగిపోతున్నాయి. సూర్యుడు మొన అంచుకి దిగాడు. ఒకటి వచ్చింది. వెనకే ఇంకొకటి. మాడిన రొట్టెముక్కల్లా నల్లగా, ఒకేలా.

"అదేనేమో," అంది కార్మెలా.

"కాదు."

"అయితే దాని వెనకాలది."

"నోరు ముయ్యవే."

ఇంకో రెండు వచ్చాయి. అప్పుడు మొన వెనక నుంచి ముందు ఒక ముక్కు వచ్చింది, ఎత్తుగా. తర్వాత నడుము, నీళ్ళకి దగ్గరగా వంగి. తర్వాత మళ్ళీ మెల్లిగా లేచిన వెనక భాగం. నా కన్ను కంటే ముందు అరచెయ్యి గుర్తుపట్టింది. వసంతంలో ఎక్కడా ఆగకుండా నడిచిన గీత అది. పిడికిలి విప్పాను. ఉప్పు నీళ్ళలో పడింది.

బార్బా బేపో తాడు కట్టి, బావి దగ్గర కాళ్ళు కడుక్కుని, మోకాళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చేసరికి పాస్తా వార్చి పళ్ళెంలో పెట్టాను. పైన ఆలివ్ నూనె, ఉప్పు చేప. ఆయన ఒక్క ముక్క కొరికి, మిగతా సగాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు.

"సరిగ్గా ఉడికింది," అన్నాడు. తర్వాత యాకొవ్‌తో, "పడవ గట్టు దగ్గరే ఉంది, తీసుకుపో. ఆ హోటలు వాడికి కావలసింది బల్లేగా, బల్లే చేసిస్తాను."

యాకొవ్ దానికి ఇరవై ఆరు ఏప్రిళ్ళు రంగు వేశాడు. ప్రతి ఏటా గీకుతూ, "నీ కిటికీ పాడుగాను," అని నన్ను తిట్టేవాడు. ఒక్క ఏడాదీ మానలేదు. చివరి ఏప్రిల్లో వంగలేక, చిన్న పీట మీద కూర్చుని వేశాడు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. బేపో ఎప్పుడో పోయాడు, కార్మెలా కూడా పోయింది. తెల్ల పడవలు ఇప్పుడు గట్టు పట్టనన్ని ఉన్నాయి.

మా అమ్మాయి కూతురు నివెస్, దాని మొగుడు దారియో ఇప్పుడు ఆదివారాలు ఆ పడవలోనే మేకల దీవికి వెళ్తారు. దారియో కొత్త మోటారు పెట్టాడు. మొన తిరిగిన పడవ కళ్ళు మూసి తెరిచేలోగా గట్టుకి చేరుతోంది.

"అమ్మమ్మా, ఆకలి!" అని నివెస్ కింద నుంచి అరుస్తుంది. "ఆరింటికి వస్తామని ఫోన్లో చెప్పాం కదా, ముందే వేసి ఉంచొచ్చుగా!"

పడవ కనపడకుండా నేను ఉప్పు వెయ్యను.

"ఇంకో ఎనిమిది నిమిషాలు," అంటాను కిటికీలోంచి.

చేసేదేం లేక ఇద్దరూ గట్టు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటారు, పడవకేసి చూస్తూ.