రెండో బిడ్డ బరువు

"సాయంత్రంలోగా ఆపరేషన్ చేసెయ్యాలమ్మా. రెండో బిడ్డ ఎదుగుదల ఆగిపోయింది," అంది డాక్టరమ్మ.

టైలరమ్మకి ఏడుద్దామన్నా ఓపిక లేదు. ముప్పై ఒకటో వారం, కడుపులో కవలలు, మూడు వారాలుగా కంటిమీద కునుకు లేదు. కిందటిసారి స్కానింగులో మొదటి బిడ్డ పదకొండు వందల గ్రాములు, రెండో బిడ్డ పదమూడు వందల యాభై. ఇవాళ మొదటి బిడ్డ పదహారు వందల యాభైకి ఎగబాకింది. రెండో బిడ్డ రెండు వారాల్లో పెరిగింది ముప్పై గ్రాములే.

"ఇప్పుడే తీస్తే ఇద్దరూ దక్కుతారా?"

"ఊపిరితిత్తులు ఇంకా పచ్చివి. మాట ఇవ్వలేను. అలాగని లోపల ఉంచితే రెండో బిడ్డకి ముప్పు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"కుట్టుమిషను తొక్కొద్దే అని నెత్తీనోరూ కొట్టుకున్నాను," అత్తగారు అందుకుంది. "ఒకళ్ళకి పెట్టి ఇంకొకళ్ళని పస్తుంచావు!"

"లోపల వడ్డన కూడా నేనే చేస్తున్నానా అత్తయ్యా?"

అంతకుమించి వాదించే శక్తి లేక కళ్ళు మూసుకుంది. కుడి డొక్కలో ఫెడీమని ఓ తన్ను. ఎప్పుడూ ఆ కుడివైపుదే రౌడీ. ఎడమవైపుది పిల్లిపిల్లలా వెక్కుతుంది, అంతే. మరి ఈ రెండు వారాల్లో అంత బలిసింది ఎవరు?

ఇంతలో స్కానింగు చేసిన అమ్మాయి సంతకాల కాగితాలు తెచ్చింది. ఆమెని చూడగానే టైలరమ్మకి ఆ గది గుర్తొచ్చింది. కిందటిసారి పడుకుంటే ఎదురుగా గోడగడియారం కనిపించింది. ఇవాళ తలుపు.

"అమ్మాయ్, మంచం తిప్పేశారా?"

"అవునక్కా. ఏసీ నీళ్ళు తలగడ మీద కారుతున్నాయని పొద్దున తల అటూ కాళ్ళు ఇటూ తిప్పించాను."

"మరి నీ కుర్చీ, మిషనూ?"

"అక్కడే ఉన్నాయి. వైరు అవతలికి అందదు."

టైలరమ్మ మోచేతుల మీద లేచింది. పదిహేనేళ్ళుగా గుడ్డ కత్తిరిస్తోంది. గుడ్డని తలా కాళ్ళూ మార్చి పరిస్తే కుడి చెయ్యి ఎడమవైపుకి వస్తుందని ఆమెకి ఒకరు చెప్పాలా?

"బిడ్డలకి ఒకటి, రెండు అని నంబర్లు ఎలా వేస్తావు?"

"నా పక్కనున్నది ఒకటి, అవతలిది రెండు. ఎప్పుడూ అంతే..." ఆ అమ్మాయి గబుక్కున బల్లమీది రిపోర్టుల కోసం చెయ్యి చాపింది.

డాక్టరమ్మ రెండు రిపోర్టులూ లాక్కుని పక్కపక్కన పెట్టింది. కిందటిసారి మాయ, అంటే ప్లాసెంటా, ముందువైపున్నది మొదటి బిడ్డకి. ఇవాళ రెండో బిడ్డకి. మాయ చోటు మారదు, మారింది నంబర్లే. మళ్ళీ స్కానింగు చేయించి, స్వయంగా దగ్గర నిలబడి చూసింది. ఎడమవైపు బిడ్డ పదకొండు వందల నుంచి పదమూడు వందల ఎనభైకి పెరిగింది. కుడివైపు రౌడీ పదమూడు వందల యాభై నుంచి పదహారు వందల యాభైకి.

"ఇద్దరూ పెరుగుతున్నారు. తేడా ఉంది కాబట్టి వారం వారం చూద్దాం. ఇవాళ ఆపరేషన్ లేదు."

టైలరమ్మ తలగడ మీద వాలిపోయింది. సంతోషం తర్వాత, ముందు కాస్త నిద్ర కావాలి.

అత్తగారు మాత్రం వదల్లేదు. "అయినా ఆ మిషను తొక్కడం వల్లే ఇంత..."

"అక్క మిషన్ని అనకండి పెద్దమ్మా," అంది స్కానింగు అమ్మాయి. "పిల్లల్ని తారుమారు చేసింది నేను. తప్పు నాది."