గొట్టం ఉన్న వైపు చెయ్యి

శేషారత్నం కుడిచేతి గాజులు కదలడం లేదు. తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తున్న జ్ఞానమణి వాటిని పైకి జరపబోయి ఆగింది. ఎడమచేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. కుడివైపే మెడ కింద పెద్ద నరంలోకి గొట్టం వేసి పన్నెండు రోజులయింది. కడుపు ఆపరేషన్ తరువాత తిండీ, మందూ అన్నీ అందులోంచే.

సికింద్రాబాద్‌లోని ఆ ఆసుపత్రిలో జ్ఞానమణి ఇరవై రెండేళ్ళుగా ఆయా. పగిలిన మడమలు, నడుం పట్టేసి కాస్త వంగిన మనిషి. గొట్టం ఉన్న వైపు చెయ్యి వాచిందంటే లోపల నెత్తురు గడ్డకడుతోందేమో, వెంటనే చెప్పాలని పెద్ద డాక్టరు ఆయాలకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆమె నోరు తెరవబోయింది కూడా.

అంతలో శేషారత్నం, "జడ నువ్వు వెయ్యకు మణమ్మా. దేవకృప సిస్టరొచ్చి వేస్తుందిలే. ఆ పిల్లది మెత్తటి చెయ్యి," అంది.

జ్ఞానమణికి కడుపు మండిపోయింది. ఇన్నాళ్ళూ వాంతులు ఎత్తిందెవరు? నువ్వు లేకపోతే చచ్చిపోదును మణమ్మా అన్న నోరు కాదూ అది? నిన్నగాక మొన్నొచ్చిన నర్సు పిల్ల ఏం మందు పెట్టిందో ఏమో.

దేవకృప నవ్వుకుంటూ వచ్చింది. "మొహం నిండుగైందమ్మా. జెర ఒళ్ళు చేసిన్రు. ఎల్లుండి ఇంటికి పోవచ్చు."

శేషారత్నం మురిసిపోయింది. వాపుని పట్టుకుని ఒళ్ళు చేశారంటోంది, ఏం చదువో దీనిది, అనుకుంది జ్ఞానమణి. సాయంత్రం నాలుగింటికి డాక్టరు రౌండుకొస్తాడు. అప్పుడు అందరి ముందూ తనే చూపించాలి. దీనికి తల కొట్టేసినట్టవ్వాలి. ఈలోగా కొంపేం మునగదు. బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

మూడున్నరకు శేషారత్నం ఆయాసపడుతూ లేచి కూర్చుని నీళ్ళడిగింది. జ్ఞానమణి గ్లాసు తెచ్చేసరికి పక్కకు ఒరిగిపోయింది. అరగంట గుండె నొక్కి డాక్టర్లు చేతులు తీసేశారు. గొట్టం దగ్గర గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటుందన్నారు.

దేవకృప మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. "చెయ్యి వాచింది నేను చూడలే ఆంటీ. పొద్దున ఒళ్ళు తుడిచింది మీరే కదా. మీకు జెర సుత కనవడలేదా?"

"లేదు బిడ్డా," అంది జ్ఞానమణి.

శేషారత్నం భర్త నరసరాజు వచ్చి శవాన్ని తీసుకుని వెళ్ళిపోయాడు. మంచం పక్క అలమర ఖాళీ చెయ్యడం ఆయా పని. ఇంటికి వెళ్ళే రోగులు తమను చూసుకున్న వాళ్ళకు జాకెట్ గుడ్డ పెట్టి పోవడం ఆ వార్డులో మామూలు. మడతపెట్టిన చీర కింద కాగితం పొట్లంలో రెండు జాకెట్ గుడ్డలున్నాయి, నెమలికంఠం రంగువి, రెండూ ఒకే తానులో కోయించినవి.