పొడుగు బావగారి గది

"ఈ పిండి చాలదమ్మా, ఇంకో బేసిన్ కలుపు. పోయినేడు ఆఖర్న వచ్చినవాళ్ళకి బూర్సోకులు అందలేదు. నాకెంత నామర్దా అయిందో!" అంది జూరా, వాకిట్లో బెంచీ మీద కూర్చుని ఎండుద్రాక్షలో పుల్లలు ఏరుతూ.

సైరా అప్పటికే మోచేతుల దాకా పిండిలో ఉంది. "అలాగే అత్తయ్యా" అని ఇంకో బేసిన్ అందుకుంది. పొద్దున్నుంచి బూర్సోకులకని పిండి ముక్కలు కోసి నూనెలో వేస్తూనే ఉంది. అవి బుడగల్లా ఉబ్బి పైకి తేలుతూనే ఉన్నాయి. బిష్కెక్ శివారులోని ఆ ఇంటి వాకిలంతా కాగిన నూనె వాసన. చనిపోయినవాళ్ళకి అందే భోజనం ఆ వాసనేనని అక్కడి నమ్మకం. అందుకే గురువారం గురువారం ఏడు రొట్టెలు వేయించి, పోయినవాళ్ళ పేరు తలుచుకుని తలా ఒక ముక్క తుంచుకుంటారు. ఈ ఇంట్లో వేయించే వంతు సైరాది, తలుచుకునే వంతు అత్తగారిది. ఎప్పుడైనా ఒక గురువారం సైరాకు జ్వరమొచ్చి మంచం దిగలేదనుకోండి, మర్నాడు పొద్దున్నే మాట పడేది. "రాత్రి వాడు కల్లోకొచ్చాడు. మొహం ఎలా పీక్కుపోయిందో! ఏం చెప్పమంటావ్ వాడికి? నీ తమ్ముడి పెళ్ళానికి ఒంట్లో బాలేదు నాయనా, వచ్చే వారం దాకా ఓర్చుకో అని చెప్పనా?"

వాడంటే జూరా పెద్దకొడుకు, సైరాకు బావగారు. గిటారు పట్టుకుని పాడేవాడు. పేరు ఊరంతా మోగుతున్న రోజుల్లో, ఇరవయ్యారేళ్ళకే, ఇసిక్-కుల్ సరస్సుకు వెళ్ళే దారిలో మోటార్ సైకిలు లారీకి గుద్దుకుని పోయాడు. అప్పటికింకా అది సోవియట్ దేశం, బిష్కెక్ పేరు ఫ్రూంజే. దేశం పోయింది, ఊరి పేరు మారింది, డబ్బు మారింది. ఆయన పాటలు మాత్రం పోలేదు. మినీబస్సుల్లో ఆయనే, పెళ్ళిళ్ళలో ఆయనే. ఆయన పోయిన పదేళ్ళకు పుట్టినవాళ్ళు కూడా గోడల మీద ఆయన పేరు రాసి, పక్కన 'బతికే ఉన్నాడు' అని రాస్తారు. ఏటా ఆగస్టులో ఆయన పోయిన రోజున వందమంది దాకా గిటార్లు వేసుకుని ఈ వాకిట్లోకి వస్తారు. పాడతారు, ఏడుస్తారు, ఆకలేసి తింటారు.

ఆ పేరు ఇక్కడ మనమూ ఇప్పుడే చెప్పుకోవడానికి లేదు. సైరా చెప్పేదాకా ఆగాలి.

ఎందుకంటే, భర్త కంటే పెద్దవాళ్ళ పేరు కోడలు పలకకూడదు. పోయినవాళ్ళదైనా సరే. పెళ్ళినాడు తెర వెనక కూర్చోబెట్టి, తల మీద తెల్లటి రుమాలు కడుతూనే పెద్ద ముత్తయిదువలు చెప్పిన మొదటి పాఠం అదే. కోడలు తన తరఫున వాళ్ళకు వేరే పేర్లు పెట్టుకోవాలి. సైరా ఆయనకు 'పొడుగు బావగారు' అని పెట్టుకుంది. అంతటితో అయిపోలేదు. ఆయన పేరుకు అర్థం ఇనుము. అంచేత ఇనుమన్న మాట కూడా ఆమె నోట రాకూడదు. కొత్తలో అత్తగారు ఇనప బకెట్ తెమ్మని బజారుకు పంపితే, దుకాణంలో నిలబడి "గట్టి బకెట్ ఇవ్వండి" అంది. "ఇదే గట్టిదక్కా, గుర్రం తొక్కినా పగలదు" అని అతను దళసరి ప్లాస్టిక్ బకెట్ చేతిలో పెట్టాడు. ఆ మాట లేకుండా ఇంకోలా అడగడం తెలియదు, వేలితో చూపించడానికి సిగ్గు. అదే పట్టుకుని ఇంటికొచ్చింది. దాన్లో వేడి బూడిద పోశారు, అడుగు కరిగిపోయింది. జూరా తిట్టింది గానీ సాయంత్రం పొరుగువాళ్ళతో, "మా కోడలు బకెట్ కాల్చింది గానీ మర్యాద కాల్చలేదు" అని మురిసిపోయింది. ఆ మెచ్చుకోలు చాలా ఏళ్ళు సైరాకు తియ్యగానే ఉండేది.

ఆ పేరు ఆమె ఎప్పుడూ పలకలేదనుకుంటే మాత్రం పొరపాటు. పెళ్ళికి ముందు, పదిహేడేళ్ళప్పుడు, కుట్టుపని నేర్చుకునే బడి హాస్టల్లో ఉండగా, బట్టల మిల్లు సాంస్కృతిక భవనంలో ఆయన పాట కచేరీకి వెళ్ళింది. కుర్చీ ఎక్కి నిలబడి, మిగతా ఆడపిల్లలతో కలిసి ఆ పేరు అరిచింది. ఎలా అరిచిందంటే ఆ వారమంతా గొంతు పెగల్లేదు. తన గొంతు అంత పెద్దదని ఆమెకు తెలిసింది ఆ రోజే. 'బతికున్నాం కదా, గట్టిగా పాడు' అని ఆయన పాడుతుంటే, నిజమే, బతికున్నాం కదా అనిపించింది. తర్వాత ఆయన పోయాడు, ఆయన తమ్ముడు తాలాయ్ సంబంధం వచ్చింది. పిల్లవాడు ఎలాంటివాడని కూడా ఆలోచించకుండా తలూపేసింది. ఆ ఇంటి గోడలు కూడా పాడుతుంటాయనుకుంది పిచ్చిపిల్ల. ఊరంతా అరిచే పేరుని పలకకూడని మనిషి తానొక్కతే అవుతుందని అనుకోలేదు.

పాడే గోడ లేదు గానీ పాటగాళ్ళున్న గోడ ఒకటి దొరికింది. ఆయన గదిలో పత్రికల్లోంచి కత్తిరించి అంటించిన బొమ్మలుండేవి. హెండ్రిక్స్, త్సోయ్, ఇంకా పేర్లు తెలియని జులపాలవాళ్ళు. అందరూ ముప్ఫై దాటకుండా పోయినవాళ్ళే. వాళ్ళ మధ్య ఒకే ఒక ఆడమనిషి, జానిస్ జాప్లిన్. "ఎవరే ఈ జుట్టు దువ్వుకోని పిల్ల?" అని జూరా చీదరించుకునేది. తాలాయ్‌కి మినీబస్సు నడిపే పని పోయినప్పుడు, ఎవరూ అడుగుపెట్టని ఆ గదిలో సైరా కుట్టుమిషన్ వేసుకుంది. దొర్దోయ్ బజారు వ్యాపారులకు గౌన్లు కుట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. రెండు కిటికీలు, కావలసినంత వెలుతురు. ఇంట్లో లోపలి నుంచి గడియ ఉన్న గది అదొక్కటే. ఆ గడియ వెనకే కప్పు రేకులు, వంటింటి పొయ్యి, అత్తగారి మోకాలి ఆపరేషన్, అన్నిటి ఖర్చూ బట్టలుగా తయారై బయటికొచ్చింది. మిషన్ పక్కన పాత టేపు తిరుగుతుండేది. జానిస్ పాడే భాష సైరాకు ఒక్క ముక్క రాదు. అయినా ఆ గీసుకుపోయిన గొంతు వింటుంటే, ఎవరో పక్కింటావిడ దాచుకోకుండా, సర్దుకోకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తున్నట్టుండేది. ఒకరోజు ఆ పాట వింటూనే, బేరగాడు గౌన్లకు వేరెవరిదో లేబుల్ కుట్టమంటే "కుట్టను, నా పేరుతోనే కుడతాను" అనేసింది. అతను నోరు తెరిచాడు. ఆమె కూడా తెరిచింది, ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని.

చిన్నవయసులో పోయినవాళ్ళ గురించి ఆమె చాలా ఆలోచించింది, పిండి పిసుకుతూ. వాళ్ళకు బట్టతల రాదు. పెళ్ళాన్ని నీళ్ళు తెమ్మని కేకెయ్యరు. తాము పాడిన మాటకు తామే అడ్డం తిరిగే వయసు వాళ్ళకు రాదు. అందుకే జనానికి వాళ్ళ మీద అంత నమ్మకం. ఆమెకూ ఉంది నమ్మకం. కాకపోతే వాళ్ళు ఇరవయ్యారు దగ్గర ఆగిపోయిన సుఖానికి, ఇంట్లో ఎవరో ఒక ఆడది రెండింతలు ముసలిదవుతుంటుందని ఏ గోడ మీదా రాసి ఉండదు.

పోయిన ఆదివారం నూర్దీన్ కొలత టేపు పట్టుకుని వచ్చాడు. ఒకప్పుడు బావగారి పాటల బృందంలో డ్రమ్ములు వాయించేవాడు, ఇప్పుడు సంస్మరణ సంఘానికి అధ్యక్షుడు.

"చెల్లెమ్మా, శుభవార్త! వాడి గదిని మ్యూజియం చేస్తున్నాం. మంచం, గిటారు, గోడ మీద బొమ్మలు, అచ్చం అప్పటిలాగే. విదేశాల నుంచి కూడా వస్తారు చూడు!"

"మరి నా మిషన్, అన్నా?"

సమాధానం తాలాయ్ చెప్పాడు. "బొగ్గుల కొట్టుంది కదా. బల్బు పెట్టిస్తాలే. ఒక్క మనిషికి ఎంత చోటు కావాలి?"

"కొట్టుకి కిటికీ లేదు."

"కుట్టేదానివి బట్టకేసి చూస్తావా, కిటికీకేసి చూస్తావా?" అని నూర్దీన్ నవ్వాడు. తాలాయ్ కూడా నవ్వాడు.

జూరా నవ్వలేదు. మెత్తగా అంది. "ఇన్నాళ్ళూ వాడి గది నిన్ను వాడుకోనిచ్చాం. ఇంక ఇచ్చెయ్యమ్మా, పుణ్యముంటుంది."

వాడుకోనిచ్చాం. ఆ మాట సైరా చెవిలో దూరి అక్కడే కూర్చుంది. ఇప్పుడు పిండి మీద పిడికిలి దిగినప్పుడల్లా మళ్ళీ వినిపిస్తోంది. గది తాళం మాత్రం ఆమె జేబులోనే ఉంది. జనం ముందు ఆమె చేతులమీదుగానే అప్పగించాలని నూర్దీన్ ఏర్పాటు. చూడముచ్చటగా ఉంటుందట.

మధ్యాహ్నానికి వాకిలి నిండిపోయింది. తెల్ల ఉన్ని టోపీల ముసలివాళ్ళు, నల్ల చొక్కాల పిల్లలు, పాత తోలు జాకెట్లు. సైరా పులావు పళ్ళేలు మోస్తోంది. ఒకమ్మాయి ఫోను ఎదురుగా పెట్టి "ఆయన గురించి ఏదైనా చెప్పండాంటీ" అంది. నోరు తెరిచేలోగా నూర్దీన్ అడ్డొచ్చి, "మా చెల్లెమ్మని బూర్సోకుల గురించి అడుగు తల్లీ, బిష్కెక్‌లో ఇలాంటివి దొరకవు!" అన్నాడు. సరే, ఆమె పిండిలో పెరుగు ఎంత వెయ్యాలో చెప్పింది.

ఖాళీ పళ్ళేలు తీసుకుని వెనక్కి తిరిగితే కనిపించింది. బొగ్గుల కొట్టు ఇంకా ఖాళీ చెయ్యలేదు. పొద్దున ఆమె తాళం తీసి ఇచ్చి పొయ్యి దగ్గరికి వెళ్ళాక, మగవాళ్ళు మిషన్ని గదిలోంచి తెచ్చి కొట్టు ముందు ఎండలో దించి, గదికి మళ్ళీ తాళం నొక్కేశారు. ఎవరో దాన్ని బల్ల అనుకున్నట్టున్నారు. దాని మీద టీ గిన్నెలు, నమిలిన ఎముకలు, సిగరెట్ నుసి. సూది కింద సగం కుట్టిన గౌను, బూడిద రంగుది, చేతుల దగ్గర ఇంకా కుట్టు పడలేదు. దాని మీదికి పులావు నూనె మెల్లగా పాకుతోంది.

సైరా పళ్ళేలు కింద పెట్టేసింది. కోపం వస్తుందేమోనని ఒక క్షణం చూసుకుంది. రాలేదు. కుర్చీ ఎక్కినప్పటి తేలిక వచ్చింది.

అప్పుడే నూర్దీన్ మైకు పట్టుకుని పిలిచాడు. "ఇప్పుడు మన బూర్సోకుల రాణి గది తాళం అప్పగిస్తుంది! రామ్మా, పొడుగు బావగారి గురించి ఒక్క మాట చెప్పు!" ఆ పిలుపు అందరికీ తెలుసు, ఏటా నవ్వుకునేదే. ప్రేమగానే నవ్వారు. సైరా చేతులు తుడుచుకుంటూ వెళ్ళి మైకు తీసుకుంది.

"తెమిర్," అంది.

నవ్వు తెగిపోయింది. కుర్రాళ్ళకు ఏం జరిగిందో తెలియలేదు, పెద్దవాళ్ళకు తెలిసింది. తాలాయ్ "సైరా!" అన్నాడు. బెంచీ మీంచి జూరా, "ఏమందీ? అదేమందీ?" అంటూ సగం లేచింది.

"తెమిర్ అన్నాను అత్తయ్యా. నా పదిహేడో ఏట ఇదే పేరు గొంతు పోయేదాకా అరిచాను. అప్పుడు ఎవరికీ తప్పనిపించలేదు. ఇంతమంది పిలుస్తున్నారు, ఆయనకు కోపమొచ్చే మనిషైతే ఈపాటికి వచ్చుండేది." ఆమె జనం వైపు తిరిగింది. "బతికున్నాం కదా, గట్టిగా పాడు అని తెమిర్ పాడింది బతికున్నవాళ్ళ కోసం. ఆ గదిలో బతుకుతున్నది నేను. తాళం ఇవ్వను."

నూర్దీన్ మైకుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "చెల్లెమ్మా, జనం చూస్తున్నారు."

"చూడనీ అన్నా. చూడ్డానికే కదా పిలిచావ్! వాకిలి మీ అందరిదీ, ఏటా రండి. బొమ్మలు చూడాలనుకున్నవాళ్ళు తలుపు కొట్టి రండి, పనిలో ఉంటాను, అయినా చూపిస్తాను. ఆ గిటారు కూడా గోడకు వేలాడేసి ఉంచకండి. వాయించేవాళ్ళెవరికైనా ఇవ్వండి. వచ్చే ఏడు వంట మాత్రం తలా ఒక గిన్నె తెచ్చుకోండి."

వెనక వరసలో నెరిసిన జుట్టు, పాత తోలు జాకెట్ ఉన్న ఒకావిడ లేచింది. కొట్టు దగ్గరికి నడిచి, మిషన్ మీది గిన్నెలు ఒక్కొక్కటే తీసి నేలమీద పెట్టడం మొదలుపెట్టింది. ఎముకలు దోసిట్లోకి ఊడ్చింది. గౌను కొస పైకెత్తి, తన చేతిరుమాలు దాని కింద దూర్చింది.

సైరా మైకు బల్ల మీద పెట్టింది.

"తాలాయ్, ఇలా రా. ఈ పక్క నువ్వు పట్టుకో. నూర్దీనన్నా, ఆ పక్క నువ్వు. సంఘానికి అధ్యక్షుడివి కదా, కాస్త బరువు మొయ్యి. కింద ఇనప కాళ్ళున్నాయి, వంగి ఎత్తండి, నడుం పట్టేస్తుంది."

తాలాయ్ తల్లి వైపు చూశాడు. తల్లి ఎటో చూస్తోంది. చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. ఇద్దరూ మిషన్ని ఎత్తి, ఒకరికొకరు ఎదురుగా, పక్కవాటుగా, జనం మధ్య నుంచి నడిచారు. జనం దారిచ్చారు. సైరా ముందుగా వెళ్ళి తాళం తీసి, రెండు తలుపులూ బార్లా తెరిచింది. వాళ్ళు మెట్టెక్కుతుంటే వెనక నుంచి జూరా గొంతు వినబడింది, కరుగ్గా, ఎప్పటిలాగే.

"ఒరేయ్, గడప ఎత్తుగా ఉంటుంది! చూసుకోండి, కోడలి మిషన్ తగులుతుంది!"