గుండం తవ్విన గుద్దలి

నేను ఒక గుద్దలిని. గుద్దలి అనగానే మీకు చేలూ, కాలువగట్లూ గుర్తుకొస్తాయి కదూ? నా తోటివాళ్ళంతా ఆ పనుల్లోనే అరిగిపోయారు పాపం. నాది మాత్రం మహారాణి బతుకు. ఏడాదికి ఒక్కసారి, పీర్ల పండుగ నెలవంక కనిపించిన సాయంత్రం, చావిడి ముందు గుండం తవ్వడానికి నన్ను లేపుతారు. గంధం పూస్తారు, మూరెడు మల్లెపూలు చుడతారు, చక్కెరను పీర్ల ముందు చదివించి పిల్లల చేతుల్లో పెడతారు. అప్పుడు ముజావరు, అంటే పీర్లకు దీపం పెట్టి చూసుకునే మనిషి, మొదటి దెబ్బ వేస్తాడు. ఆ గుంతలో మొద్దులు పేర్చి, మంట పెట్టి, దాని చుట్టూ ఊరంతా ఆడుతుంది. పండుగ ముగిసి గుంత పూడ్చగానే నన్ను కడిగి, పచ్చగుడ్డలో చుట్టి, పీర్ల పెట్టె పక్కన పడుకోబెడతారు. ఇక నిద్రే నిద్ర.

నన్ను చేసింది కమ్మరి కాళాచారి. పెళ్ళాం కాన్పు కష్టమైతే పీర్లకు మొక్కుకున్నాడట. తల్లీబిడ్డా బతికారు. విరిగిన బండి చక్రం ఇనుప పట్టా కాల్చి నన్ను సాగగొట్టి చావిడికి ఇచ్చాడు, పిల్లకేమో హుసేనమ్మ అని పేరు పెట్టుకున్నాడు. ఆచారి ఇంట్లో హుసేనమ్మేమిటని ఊళ్ళో ఒక్కరూ అడగలేదు. అడగాలని తోచే కాలం కాదది.

నన్ను మొదట పట్టినవాడు పెద్ద మౌలాలి. ఆయన దెబ్బ వేస్తే భూమి ఉలిక్కిపడేది. ఆయన కొడుకు ఖాజా దెబ్బకు ముందు మూడుసార్లు తుమ్మేవాడు, జనం దాన్ని కూడా ఆచారం అనుకునేవారు. తర్వాత ఖాజా కొడుకు దస్తగిరి చేతికి వచ్చాను. మెత్తని మనిషి. ఏది అడిగినా "రేపు సూద్దాం" అంటాడు. అతని భార్య మస్తానమ్మకు మాత్రం రేపు అనే మాట గిట్టదు.

మా ఊరు అనంతపురం వైపు మెట్ట ఊరు. మొక్కు ఉన్నవాళ్ళు గుండానికి మొద్దులు తెస్తారు. అందరికంటే పెద్ద మొద్దు తెచ్చిన ఇంటికి ఒక మర్యాద ఉంది: గుండం పూడ్చేటప్పుడు మొదటి పిడికెడు మన్ను ఆ ఇంటివాళ్ళే వేయాలి. పిడికెడు మన్నే! దానికోసం ఎన్ని చింతమాన్లు, ఎన్ని వేపమాన్లు పడ్డాయో! ఏటేటా నేను లేచి చూసేసరికి ఊరు ఇంకాస్త బోసిగా కనిపించేది. వాన కురిసినా నిలిచేది కాదు, ఎర్రగా పారి వాగులో కలిసిపోయేది. చివరికి చావిడి పక్కనున్న చేతి బోరింగు కూడా ఎండిపోయింది. ఆడవాళ్ళు బిందెలతో మామిళ్ళపల్లె దాకా నడిచేవారు. ఒక్కొక్క ఇల్లే తాళం వేసుకుని బెంగళూరు దారి పట్టింది.

ఆ ఏడు నన్ను లేపిన రోజే దస్తగిరి భార్యతో అన్నాడు.

"ఈ పండగ కానీయ్ మే, మనమూ పోదాం. బిల్డింగు కాడ వాచ్‌మెన్ పని ఉందంట. కొళాయి తిప్పితే నీళ్ళంట."

"పీర్లను ఎవరికి అప్పజెప్పి పోదామంటావు? ఆ బిల్డింగు ఓనరుకా?"

"చావిడికి తాళమేసి పోదాం."

"ఆ తాళం నీ నోటికేసుకో" అంది మస్తానమ్మ. అన్నదే కానీ మర్నాడు గిన్నెలు మూటగడుతూ కనిపించింది. ఎన్నాళ్ళని నడుస్తుంది, మోకాళ్ళు సహకరించొద్దూ? ఆమె వెళితే మా చావిడిలో దీపం పెట్టే చెయ్యి ఇక లేదు. నాకా ఏడు గంధం వాసన కూడా పట్టలేదు.

పండుగ అయింది. గుండం పూడ్చే రోజు వచ్చింది. అప్పుడు మొదలైంది గొడవ.

"నా మొద్దే పెద్దది. బండి ఇరుసు కుంగిపోయింది, మీరు సూళ్ళేదా?" అన్నాడు పెద్దింటి ఓబిరెడ్డి.

"ఇరుసు పాతదైతే కుంగదా రెడ్డీ? నా మొద్దు దించనీకి ఆరుమంది పట్టినారు" అన్నాడు దిగువ వీధి నరసింహులు.

"అందులో నలుగురు ఊరికే సెయ్యి ఆనించినోళ్ళేలే!"

జనం ఘొల్లుమన్నారు. నాకూ నవ్వొచ్చింది. ఎందుకంటారా? కొలుద్దామంటే రెండు మొద్దులూ అప్పటికే బూడిద! బూడిదలో ఏది రెడ్డిదో, ఏది నరసింహులుదో ఆ పీర్లకే తెలియాలి. ఇద్దరూ గుంత చుట్టూ నిలబడి పోట్లాడుకున్నారే తప్ప ఒక్కరూ మన్ను వేయలేదు, ఇంకొకర్ని వేయనివ్వలేదు. "రేపు సూద్దాం" అన్నాడు దస్తగిరి. ఆ రేపు రాలేదు. గుండం పూడ్చనిదే ముజావరు ఊరు దాటకూడదు కనుక మస్తానమ్మ మూట గడపలోనే ఉండిపోయింది. నన్నూ కడగలేదు, మట్టి మొనతోనే గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఒక మధ్యాహ్నం వాన దంచికొట్టింది. చావిడి మిద్దె నీళ్ళూ, వీధి నీళ్ళూ పరుగున వచ్చి గుండంలో దూకాయి. "అయ్యో, గుండంలో నీళ్ళు నిలిచినాయే, పీర్లకు కోపమొస్తాదే!" అని దస్తగిరి చెంబు పట్టుకుని తోడబోయాడు. వాన వెలిసింది, అతను ముంచాడు, పోశాడు, ముంచాడు. నీళ్ళు అతనికంటే వేగంగా తగ్గిపోతున్నాయి. చెంబు అడుగున బూడిద బురద మిగిలింది. తర్వాతి వానకూ అంతే. ఆ వర్షాకాలమంతా గుండం తాగుతూనే ఉంది, పెద్దమనుషులు పోట్లాడుతూనే ఉన్నారు.

ఒకనాడు మస్తానమ్మ బట్టలు ఆరేస్తూ, పాత అలవాటు కొద్దీ బోరింగు చేయి పట్టి రెండుసార్లు ఊపింది. లోపల గరగరమంది. మళ్ళీ ఊపింది. దగ్గినట్టు దగ్గి, బూడిదరంగు నీళ్ళు కక్కింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని ఊపుతూనే ఉంది, నీళ్ళు తేటపడేదాకా.

ఊరంతా చేరింది. "నా మొద్దు మహిమ" అన్నాడు ఓబిరెడ్డి. "అట్లెట్ల? నాది" అన్నాడు నరసింహులు.

"మీ మొద్దులు కాదప్పా, మీ కొట్లాట మహిమ" అంది మస్తానమ్మ. "పూడ్సకుండా ఇడిస్తిరి, గుంత తాగె. ఇదే మాదిరి ప్రతి ఇంటి ముందరా తవ్వితే?"

"గుండం గుద్దలితోనా? తప్పు కాదా?" అన్నారెవరో.

"పీర్ల పేరు సెప్పి మానులు కొట్టినప్పుడు లేని తప్పు, వాన నీళ్ళకు గుంత తవ్వితే వస్తాదా?"

దస్తగిరి లేచాడు. నేను 'రేపు' వినడానికి సిద్ధపడ్డాను. అతను నన్ను భుజాన వేసుకుని నేరుగా ఓబిరెడ్డి వాకిట్లోకి నడిచి మొదటి దెబ్బ వేశాడు. ఆ దెబ్బలో పెద్ద మౌలాలి కనిపించాడు నాకు.

నెలవంక నాటి గంధమూ పూలూ లేకుండా పని చేయడం నాకు అదే మొదలు. మట్టి ఇన్ని రకాలుంటుందని అప్పుడే తెలిసింది! మరుసటి పండుగకు మొక్కు మారింది. మొద్దు తెచ్చే ఇల్లు ఇక మొద్దుకు బదులు ఒక గుంత తవ్వి, పక్కన ఒక వేప మొక్కో చింత మొక్కో నాటాలి. "మంట లేని పీర్ల పండగ పండగేనా?" అని ముసలివాళ్ళు అలిగారు. వాళ్ళదీ న్యాయమే. అందుకని మంట ఆగలేదు, మానుల బదులు చెరువులో పనికిమాలి పెరిగిన కంపచెట్లు కొట్టుకొచ్చి కాల్చారు. ఇక రెడ్డీ నరసింహులూ అంటారా, ఎవరి గుంత లోతో తేల్చుకోవడానికి తాడు వేసి కొలుచుకుంటున్నారు. కొలుచుకోనివ్వండి, ఎంత కొలుచుకుంటే అంత లోతు.

బోరింగు ఇప్పటికీ నడివేసవిలో నీరసిస్తుంది, నాలుగు బిందెలకే ఆయాసపడుతుంది. కానీ పూర్తిగా ఎండలేదు. మస్తానమ్మ గిన్నెలు మూటలోంచి పొయ్యి మీదికి వచ్చేశాయి. బెంగళూరు మాట ఆ ఇంట్లో మళ్ళీ వినబడలేదు.

మొన్న మామిళ్ళపల్లె చర్చి నుంచి పాస్టరు జకరయ్య వచ్చాడు. వాళ్ళ బావి ఎండిందట. సంఘం వాళ్ళను గుంతలు తవ్వమంటే వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అంటున్నారట.

"మీ గుద్దలి ఒకసారి ఇస్తే... దాని పేరు చెబితే కదులుతారమ్మా."

దస్తగిరి తల గోక్కున్నాడు. మస్తానమ్మ అడిగింది: "మొన విరగ్గొట్టకుండా తెచ్చిస్తావా సామీ?"

"తెచ్చిస్తానమ్మా."

"నమ్మను. నేనూ వస్తా."

అలా ఈ ఆదివారం నేను చర్చి వాకిట్లో ఉన్నాను. నా మొన సగం అరిగింది, పిడి కొత్తది. చుట్టూ తెల్లబట్టల జనం, తలవంచుకుని నిలబడ్డారు. పాస్టరు ప్రార్థన మొదలుపెట్టి చాలాసేపయింది. వానల కోసం, పశువుల కోసం, కలెక్టరు కోసం, సమస్త దేశాల కోసం ఒక్కొక్కటే అడుగుతున్నాడు.

"ఏమ్మా, ఈయప్ప ఎప్పుడూ ఇంతేనా?" అని మస్తానమ్మ పక్కావిడ చెవిలో అడిగింది.

"ఈరోజు రోంత తక్కువే" అంది ఆవిడ.

పడమట మబ్బు నల్లగా లేచింది. మట్టి వాసన మోసుకుంటూ గాలి వచ్చింది. ఆమెన్ అను నాయనా, త్వరగా అను. అవతల వాన బయలుదేరింది, ఇక్కడ గుంత ఇంకా మొదలే కాలేదు.