అద్దం కింద కుట్టుమిషను

నేను ఒక కుట్టుమిషనుని. నిరుడు మీరు నన్ను చూసి ఉంటే ఈ మాట నమ్మేవారు కాదు. నా మీద పరిచిన దళసరి అద్దాన్ని, దాని మీది ప్లాస్టిక్ పువ్వుల్ని, ఆవకాయ జాడీని చూసి డైనింగు టేబులనుకొని కంచం ముందుకు లాక్కొనేవారు. అలా లాక్కొన్నవాళ్ళలో ఒక్కరికైనా ఇది ఎవరి ఒళ్ళన్న అనుమానం రాలేదు. కోపంగా మాట్లాడుతున్నానంటారా? కోపంగానే మాట్లాడుతున్నాను. అరికాలి మంట నెత్తికెక్కుతుందంటారు. ఎక్కడానికి నాకు నెత్తి కూడా లేకుండా చేశారు.

పుట్టుక గురించి ఎక్కువ చెప్పను. పోతపోసిన ఇనుప కాళ్ళు, కింద తొక్కుడు, పక్కన పెద్ద చక్రం, పైన టేకు చెక్క, ఆ చెక్క మీద సూదీ దారం ఆడే నా తల. దర్జీలు దాన్ని హెడ్డంటారు. ఏలూరు పవర్‌పేటలో ఒక అరుగు మీద దస్తగిరి సాయిబు నన్ను పంతొమ్మిదేళ్ళు తొక్కాడు. బడి పిల్లల లాగూల నుంచి పెళ్ళికొడుకుల చొక్కాల దాకా కుట్టాడు. "రేపొచ్చి పట్టుకెళ్ళండి" అనేవాడు. నాకు తెలిసి ఆ రేపు ఎన్నడూ మర్నాడు రాలేదు. ఆ ఒక్క అబద్ధం తప్ప మనిషి మేలిమి బంగారం. సూదిలో దారం ఎక్కించడానికి చూపు ఆననప్పుడు, తన దగ్గర కాజాలు కుట్టే ధనకుమారిని పిలిచి, "దీన్ని నువ్వు తీస్కపోమ్మా. ఇంకొకళ్ళ చేతిలో పెట్టడానికి నాకు మనసొప్పదు" అన్నాడు. అలా నేను ఆమె వెంట ఆ రెండో అంతస్తు ఇంటికి వచ్చాను.

ఇల్లంటే ఒక పడగ్గది, ఒక వంటగది, పదడుగుల వెడల్పున ఒక హాలు. హాల్లో సగం కూర్చోవడానికి, సగం తినడానికి. తినే సగంలోనే కిటికీ ఉంది. నా సూది ఎడమ పక్కన ఉంటుంది కాబట్టి వెలుతురు ఎడమ నుంచి రావాలి. ఆ ఇంటి మొత్తంలో అలా వెలుతురు పడే చోటు అదొక్కటే. ధనకుమారి నన్ను అక్కడ వేసుకొంది. మొగుడూ పెళ్ళాలు గోడవార నేల మీద కూర్చొని తినేవారు. ఇరవై ఏళ్ళు ఆ కిటికీ పక్కన ఆమె జాకెట్లు కుట్టింది. చంక దగ్గర పట్టేయని జాకెట్టు కావాలంటే ఆ పేటలో ఆమె దగ్గరికే రావాలి. కొలతలు తీసుకొనేటప్పుడు ఆమె గొంతు మారిపోయేది. వంటింట్లో ఎన్నడూ వినపడని గొంతు అది.

ఆమె భర్త ప్రకాశం ఒక ఆఫీసులో గుమాస్తా. చెడ్డవాడు కాదు, అదే నా బాధ. చెడ్డవాడైతే తిట్టుకొని ఊరుకొనేదాన్ని. ఆఫీసువాళ్ళు ఇంటికొస్తే నేల మీద వడ్డించాల్సి వస్తోందని అతనికి నామోషీ. "ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం" అని వాళ్ళ ముందే నవ్వేవాడు. ఆమె మాత్రం నవ్వేది కాదు. నిరుడు ఎండాకాలంలో అతనికి ఫోనులో ఒక పిచ్చి పట్టుకొంది. చిన్న హాలు పెద్దగా కనపడాలంటే ఏం చెయ్యాలో చెప్పే వీడియోలు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. వాళ్ళు ఏది చెబితే అది ఇతను కాగితం మీద రాసుకొనేవాడు.

ఆషాఢంలో ధనకుమారి చెల్లెలి కూతురి పురుడు పోయడానికి తణుకు వెళ్ళింది. రెండు వారాలు. ఆ రెండు వారాల్లో ప్రకాశం హాలుని బాగుచేశాడు.

అసలైన ఇటుక గోడ, దానికి సిమెంటు పూత, దాని మీద రంగు, ఆ రంగు మీద ఇటుకల బొమ్మ వేసిన కాగితం. ఇదీ మనుషుల తెలివి! గది పెద్దగా కనపడాలని ఎదుటి గోడకి నిలువుటద్దం బిగించాడు. దాంతో తినేవాడు తన నమలడం తనే చూసుకోవాలి. పైనుంచి ఒక దీపం వేలాడదీశాడు. అది నెత్తికి తగలకుండా లేవడం ఎవరికీ చేతకాలేదు. కిటికీకి ముదురాకుపచ్చ పరదా వేశాడు. బంగారం లాంటి వెలుతురుకి గుడ్డ కప్పి, పట్టపగలు దీపం వెలిగించుకొన్నాడు.

ఇక మిగిలింది నేను. "పాత మిషను కాళ్ళ మీద అద్దం వేస్తే భలే టేబులు అవుతుందంట, సోమాచారీ" అని వడ్రంగిని పిలిచాడు. సోమాచారి తటపటాయించాడు. "అమ్మగారిని ఓ మాట అడిగారాండి?" అన్నాడు. "అడిగితే మజా ఏముంటదయ్యా" అన్నాడు ప్రకాశం. సోమాచారి మరలు విప్పాడు. తల వేరైంది, చెక్క వేరైంది, నా మీద అద్దం పడింది.

ధనకుమారి సంచీ చంకన పెట్టుకొని గుమ్మంలోకి వచ్చింది. ప్రకాశం పరదా లాగి, దీపం వెలిగించి, చేతులు కట్టుకొని నిలబడ్డాడు, బహుమతి కోసం వేదిక ఎక్కినవాడిలాగా. ఆమె వేటినీ చూడలేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చి అద్దం మీద చెయ్యి వేసింది.

"తలేదండీ?"

"తలేంటే?"

"మిషను తలండి. ఎక్కడెట్టారు?"

"ఓ, అదా! పాత ఇనుమోడికి ఇచ్చేశాను. ఇంకా కుట్టాల్సిన ఖర్మ నీకేంటే? సుఖంగా కూర్చో."

ఆమె కూర్చోలేదు. ప్రయాణపు చీరతోనే పాత ఇనుము కొట్టుకి పరుగెత్తింది. వెళ్ళిన చోట ఏమైందో తిరిగొచ్చి మొగుడికి చెబుతుంటే విన్నాను. "నిన్ననే పగలగొట్టేశామమ్మా, పోతినుము ముక్కలుగానే పోద్ది" అన్నాడట కొట్టువాడు. "అయ్యో, కొత్తది కొనుక్కుందాంలే, తొందరేముంది" అన్నాడు ప్రకాశం. అని టీవీ పెట్టుకొన్నాడు.

శ్రావణం వచ్చింది. ఏటా ఆ నెలలో జాకెట్టు గుడ్డలు గుట్టలుగా పడేవి. వచ్చినవాళ్ళు అద్దాన్ని చూసి, "మానేశారా అక్కా?" అని గుడ్డ మళ్ళీ సంచీలో పెట్టుకొని వెళ్ళిపోయారు. ఆమె వంటగది గుమ్మంలో చేత్తో చీరలకి ఫాల్సు కుట్టుకొంటూ కూర్చొనేది. నా మీద సాంబారు ఒలికేది. తినేవాళ్ళు కింద తొక్కుడు మీద కాళ్ళు పెట్టి ఊపేవారు. బెల్టు లేదు, తల లేదు, చక్రం ఊరికే తిరిగేది. ఎంత అవమానమో చెప్పలేను. పరాయి కాళ్ళకి ఉయ్యాలనయ్యాను.

ఒక ఆదివారం ప్రకాశం తన సూపరింటెండెంటునీ ఆయన భార్యనీ భోజనానికి పిలిచాడు. ఆవిడ నా కాళ్ళ మీది తీగల పనితనం చూసి ముచ్చటపడింది. ప్రకాశం ముఖం వెలిగిపోయింది.

"మా ఆవిడ ఇరవై ఏళ్ళు దీని మీద కష్టపడిందండి. ఆ జ్ఞాపకం పోకూడదని ఇలా నిలబెట్టాను."

బతికున్న మనిషికి జ్ఞాపకం! ఆ మనిషి అతని వెనకే పప్పు గిన్నెతో నిలబడి ఉంది. ఫొటోకి దండ వెయ్యడమొక్కటే తక్కువ.

"అయితే ఇప్పుడు కుట్టటం మానేశారా?" అని ఆవిడ అడిగింది.

"మానేసిందండి" అన్నాడు ప్రకాశం.

ధనకుమారి గిన్నె అద్దం మీద పెట్టింది. గట్టిగానే పెట్టింది.

"నేను మానలేదండీ. మాన్పించారు. నన్నడక్కుండా నా మిషను తల తీసి ఇనుమోడికి అమ్మారు. మీరు అన్నం తింటన్నది నా పని మీదండీ."

ఎదుటి అద్దంలో నలుగురూ ఎవరి ముఖం వాళ్ళు చూసుకొన్నారు. ఆ అద్దం పనికొచ్చింది ఆ ఒక్కసారే. ఆమె మాత్రం శాంతంగా పప్పు వడ్డించింది, నెయ్యి వేసింది, పెరుగు పోసింది. వాళ్ళు వెళ్ళాక ప్రకాశం, "పరువు తీశావే" అన్నాడు. "తీసిన తల ముందు తెచ్చివ్వండి, పరువు సంగతి తర్వాత చూద్దాం" అంది.

మర్నాడు ధనకుమారి కబురు పెడితే సోమాచారి వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా నా మీది అద్దం ఎత్తి గోడకి ఆనించాడు. చెక్క అతని దగ్గరే ఉంది, పారెయ్యడానికి చేతులు రాలేదట. బజార్లో ఎవరో దర్జీ కరెంటు మిషను కొనుక్కొని పక్కన పెట్టిన పాత తలని ధనకుమారి వెతికి తెచ్చింది. బిగించారు. పరదా ఆమె స్వయంగా పీకేసింది. నా మీద ఆమె మొదట కుట్టింది ఆ పరదానే. నాలుగు మడతలు వేసి, నేల మీద తినడానికి రెండు ఆసనాలు కుట్టింది. ఒకటి అతనికి, ఒకటి తనకి.

కోపం పోయిందా అని అడుగుతారేమో. పోలేదు. ఇది నా తల కాదు. దీని కుట్టు కాస్త పక్కకి లాగుతుంది, ఆమె చెయ్యి పట్టి తిన్నగా నడిపిస్తుంది. నా తల ఏ కొలిమిలో కరిగిందో నాకు తెలియదు. దాన్ని ఎవరూ తెచ్చివ్వలేరు.

ప్రకాశమేమో మొన్న ఎవరో చుట్టాలొస్తే నన్ను చూపించి మొదలుపెట్టాడు. "మా ఆవిడ పని కోసమని డైనింగు టేబులు నేనే తీసేయించానండి..."

ఆ మాట పూర్తవకుండా ధనకుమారి తొక్కుడు మీద రెండు కాళ్ళూ వేసింది. నేను చెయ్యగలిగిన చప్పుడంతా చేశాను.